నెత్తురు కాదు, నిజం చూడండి!

నేరాల డాక్యుమెంటరీ పెడితే చాలు, "ఆ నెత్తుటి గోలేంటే?" అంటుంది మా అక్క. నేను చూసేది నిజం ఎలా బయటపడిందోనని. మీరూ చూడాలనుకుంటే ఈ మూడూ వెతకండి.

ద థిన్ బ్లూ లైన్ (1988): అమెరికాలోని డాలస్‌లో పోలీసును చంపాడని ఒక అమాయకుడికి మరణశిక్ష వేశారు. తర్వాత యావజ్జీవంగా మార్చారు. సాక్ష్యాల డొల్లతనాన్ని దర్శకుడు ఎరల్ మోరిస్ బయటపెట్టాడు. 1989లో ఆ మనిషి విడుదలయ్యాడు.

హౌస్ ఆఫ్ సీక్రెట్స్ (2021): 2018లో ఢిల్లీలోని బురారీలో ఒకే ఇంట్లో 11 మంది చనిపోయారు. గడప దాటని ఇంటిగుట్టు ఎంత పని చేస్తుందో లీనా యాదవ్ మూడు భాగాల్లో చూపించింది.

టు కిల్ ఎ టైగర్ (2022): జార్ఖండ్ పల్లెలో 13 ఏళ్ల పిల్లపై ముగ్గురు అత్యాచారం చేశారు. వాళ్లలో ఒకడికిచ్చి పెళ్లి చేసెయ్యమన్నారు ఊరివాళ్లు. రైతైన తండ్రి ససేమిరా అన్నాడు. కోర్టు ముగ్గురికీ 25 ఏళ్ల శిక్ష వేసింది. దర్శకురాలు నిషా పహుజా.

చిన్నపిల్లలు పడుకున్నాకే చూడండి. ఎదిగిన ఆడపిల్లలుంటే మాత్రం మూడోదానికి పక్కన కూర్చోబెట్టుకోండి. కష్టం వస్తే పరువు పేరుతో నోరు నొక్కరని, ఇంట్లోవాళ్లు తన వెంట ఉంటారని వాళ్లకి తెలియాలి కదా!