బాపుకొచ్చిన రోగం గురించి బాపునే అడగకపోతిమి

మా బాపుకు 74 ఏండ్లు. ఏడాది సంది రాత్రిపూట నాలుగైదు సార్లు లేసి మూత్రానికి పోతుండె. ‘ముసలితనం గదరా’ అని మా నోరు మూయించిండు. నడుము నొస్తుంటే పొలం పని అనుకున్నం. తీరా చూస్తే ప్రోస్టేట్ క్యాన్సర్. వెన్నుపూసకు పాకింది.

పెద్దోళ్లను దవాఖానకు తీస్కపోయేది, వాళ్ల రిపోర్టులు ఫోన్ల వెతికి చదివేది మనమే. అందుకే నాకు తెలిసొచ్చింది రాస్తున్న.

ప్రోస్టేట్ అనేది మగవాళ్లకు మూత్రసంచి కింద ఉండే చిన్న గ్రంథి. వయసు మీద పడ్డంక చానా మందికి ఉబ్బుతది. అది క్యాన్సర్ కాదు. పీఎస్‌ఏ రక్త పరీక్షల నంబర్ ఎక్కువొచ్చినా భయపడొద్దు. ఉబ్బినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతది. ముక్క తీసి పరీక్ష చేస్తేనే ఖాయమైతది. ఆ రిపోర్టుల గ్లీసన్ స్కోర్ అని ఉంటది. 6 అంటే నిదానంగ పెరిగేది. 8 నుంచి 10 అంటే దూకుడుది. గ్రంథి దాటిందా లేదా అన్నది స్కాన్ చెప్తది.

స్కోర్ తక్కువుండి, గ్రంథి దాటకపోతే వెంటనే కోయాల్సిన పని లేదు. పరీక్షలు చేయించుకుంట కనిపెట్టుకుని ఉండుడు కూడా వైద్యమే. బ్రిటన్ల 50 నుంచి 69 ఏండ్ల మధ్య 1,643 మందిని సుమారు 15 ఏండ్లు చూసిన్రు. గ్రంథి దాటని క్యాన్సర్ వాళ్లది. కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్, కొందరిని కనిపెట్టుకుని ఉండుడు. మొత్తంల ఈ క్యాన్సర్‌తోని చనిపోయింది 45 మందే. మూడు గుంపులల్ల పెద్ద తేడా లేకుండె.

గ్రంథిలనే ఉన్నా దూకుడుగ ఉంటే ఆపరేషన్ లేకుంటే రేడియేషన్. ఆపరేషనైతే మూత్రం ఆగకుండ కారొచ్చు. రేడియేషనైతే మలద్వారం దిక్కు ఇబ్బంది రావచ్చు. రెండిట్లనూ మగతనం తగ్గొచ్చు. అందుకే గుండె, షుగర్, ఇంకా పదేండ్లు బతికే ఓపిక ఉందా అన్నీ చూసి డాక్టర్లు చెప్తరు.

మా బాపు లెక్క ఎముకలకు పాకితే హార్మోన్ వైద్యం. మగ హార్మోన్ ఈ క్యాన్సర్‌కు తిండి అసుంటిది. అది ఆపితే రోగం అణుగుతది. ఈ సంగతి 1941ల చెప్పిన చార్లెస్ హగ్గిన్స్‌కు 1966ల నోబెల్ ఇచ్చిన్రు. పూర్తిగ పోదు గని చానా మందికి ఏండ్ల తరబడి అదుపుల ఉంటది. దీనికి రెండు తొవ్వలు. నెలకో, మూడు నెలలకో సూది. లేకుంటే ఒక్కసారే చిన్న ఆపరేషన్‌తోని వృషణాలు తీసేసుడు. వీటికి తోడు గోలీలు కూడా ఇస్తరు. ఒళ్లు సెగలొచ్చుడు, నీరసం, ఎముకలు బలం తగ్గుడు రెండిట్లనూ ఉంటది.

నేను, మా అన్న దవాఖాన వరండాల నిలవడి ‘ఆపరేషనే’ అని ఫైసలా చేసినం. ఖర్చు ఒక్కసారే, తిరుగుడు తప్పుతది అని. డాక్టర్ సారు ఒక్కటే అడిగిండు: ‘మీ బాపును అడిగిన్రా?’

అడగలే. రోగం పేరు గూడ చెప్పలే.

ఆ రాత్రి చెప్పినం. చానా సేపు గమ్మున కూసున్నడు. ‘నొప్పి తగ్గుతదా?’ అన్నడు. తగ్గుతదన్నం. ‘అయితే సూదులే ఏపియ్యున్రి. మీకు తీరకపోతే బస్సెక్కి నేనే పోతా’ అన్నడు. మేము లెక్కేసింది మా తిప్పల. ఆయన లెక్క వేరే ఉండె.

ఇప్పుడు మూడు నెలలకోసారి పోతున్నం. నడుము నొప్పి తగ్గింది.

మీ ఇంట్ల పెద్దాయనకు మూత్రం సన్నగ వచ్చినా, రక్తం పడ్డా చూపియ్యున్రి. ఈ రోగం ఉన్నోళ్లకు నడుము నొప్పితోని కాళ్లు చచ్చువడితే ఒక్క రోజు గూడ ఆగొద్దు. డాక్టర్‌ను మూడు అడుగున్రి: స్కోర్ ఎంత? ఎక్కడిదాకా పాకింది? ఇప్పుడే చేయకపోతే ఏమైతది? ఆరోగ్యశ్రీల ఏది వస్తదో ముందే తెలుసుకోన్రి. ఇవన్నీ అడిగినంక బాపు పక్కన కూసోని, ఆయనను గూడ అడుగున్రి.