మంచు దారిస్తేనే ప్రదక్షిణ

స్పిట్స్‌బెర్గెన్ చుట్టూ తెరచాప పడవలో వెళ్లే మిత్రబృందానికి ధైర్యం ఒక్కటే చాలదు

ఉత్తర ధ్రువానికి సుమారు 1,300 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు లాంగియర్‌బైన్. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో అతిపెద్దదైన స్పిట్స్‌బెర్గెన్‌ను చుట్టి రావాలనుకునే మిత్రబృందాలు ఏటా వేసవిలో ఇక్కడి రేవు నుంచే తెరచాప ఎత్తుతాయి. ఏప్రిల్ మూడోవారం నుంచి ఆగస్టు మూడోవారం దాకా ఇక్కడ పొద్దు గుంకదు.

ద్వీపాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని, పడమటి తీరం వెంట ఉత్తరానికి సాగడం వాడుక. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల వేసవిలో ఇటువైపు దారి సాధారణంగా తెరిచే ఉంటుంది. మధ్యలో నీ-ఆలెసుండ్ అనే చిన్న ఊరు వస్తుంది. 2008లో మొదలైన మన దేశ పరిశోధన కేంద్రం హిమాద్రి ఉన్నది ఇక్కడే. 1926లో అన్వేషకుడు అముండ్‌సెన్ బృందం ధ్రువం మీదుగా ప్రయాణించిన ‘నోర్గే’ వాయునౌకను కట్టిన ఉక్కు స్తంభం కూడా ఇక్కడ ఇప్పటికీ నిలిచే ఉంది.

సందేహం చెప్పినవాడు

వాయవ్య మూలన ఉన్న వీర్గోహామ్నాలో ఆగిన ప్రతి బృందమూ తలచుకోవాల్సిన కథ ఒకటుంది. బెలూన్‌లో ధ్రువాన్ని చేరాలని 1896లో వచ్చిన స్వీడన్ ఇంజినీరు ఆండ్రే, గాలి అనుకూలించక వెనుదిరిగాడు. బెలూన్ నుంచి గ్యాస్ కారిపోతోందని చెప్పిన సహచరుడు నిల్స్ ఎక్‌హోల్మ్ బృందం నుంచి తప్పుకున్నాడు. మరుసటి ఏడాది ఆండ్రే మరో ఇద్దరితో ఎగిరాడు. మూడు రోజులైనా నిండకుండానే బెలూన్ మంచు మీద దిగిపోయింది. ముగ్గురూ మంచులోనే ప్రాణాలు విడిచారు. వారి అవశేషాలు 1930లో గానీ దొరకలేదు.

అసలు పరీక్ష తూర్పున

ఉత్తరాన మోఫెన్ దీవి ఒడ్డున వాల్రస్‌లు గుంపులుగా పడుకుంటాయి. హిన్‌లోపెన్ జలసంధిలో ఆల్కెఫ్యెల్లెట్ కొండచరియల మీద వేలాది గిల్లెమాట్ పక్షుల అరుపులు మాటలు వినబడనివ్వవు. ఆ తర్వాత మొదలవుతుంది తూర్పు తీరం. ధ్రువం వైపు నుంచి చల్లని ప్రవాహం మంచు పలకలను మోసుకొస్తుంది. నిన్న తెరిచి ఉన్న దారి ఇవాళ మూసుకుపోవచ్చు.

అందుకే లంగరు వేసినా అందరూ ఒకేసారి నిద్రపోరు. వంతులవారీగా ఒకరు మంచును కనిపెట్టుకుని ఉంటారు. ఒడ్డున దిగితే, ధ్రువపు ఎలుగు వస్తుందేమోనని ఒకరు తుపాకీతో చుట్టూ చూస్తూ నిలబడతారు. మెలకువగా ఉన్నవాడి మీద నమ్మకంతోనే మిగతావాళ్లు కళ్లు మూస్తారు.

ఆ మెలకువకు విలువ రావాలంటే చూసింది చూసినట్టు చెప్పే చనువు ఉండాలి. “ఈ మంచు నాకు నచ్చట్లేదు, వెనక్కి పోదాం” అని పడవలో అందరికన్నా కొత్తవాడు అన్నా సరంగు ఆగి వినాలి. హిన్‌లోపెన్ నుంచే తిరిగొచ్చిన బృందాలు ఏమీ ఓడిపోలేదు. ఇలాంటి ప్రయాణానికి తోడు వెతుక్కునేవారు ముందుగా చూసుకోవాల్సింది ఒక్కటే: ఎదుటివారి దగ్గర మన భయాన్ని దాచాల్సిన అవసరం ఉండకూడదు.