ఆముదము - చర్మ సంరక్షణ

ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్న సామెతను మనం పరిహాసానికి వాడుతూ ఉంటాము. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనే అనంతపురం మెట్టసీమలో ఆ చెట్టును పరిహసించడం తగదు. లోతుకు దిగే తల్లివేరు బలంతో అది బెట్టకు ఓర్చి, వేరుసెనగ సాళ్ల నడుమ నిలిచి కాస్తుంది. దాని నూనె మన చర్మానికి చేయగల మేలెంతో ఇక్కడ విచారిద్దాము.

చలికాలపు పొడిగాలికి చర్మంలోని తేమ హరించి పోతుంది. చేలలో పనిచేసే స్త్రీలకు మడమలు పగిలి, నేలపై అడుగు మోపడమే బాధ అవుతుంది. ఆముదం చర్మానికి నీటిని ఇవ్వదు. ఉన్న నీటిని పోనీయదు. ఇందలి కొవ్వు ఆమ్లాలలో నూటికి 85 నుండి 90 పాళ్లు రిసినోలిక్ ఆమ్లము. ఇతర నూనెలకు లేని చిక్కదనం దీని మూలంగానే వచ్చినది. అందువల్ల ఆముదం పూసినచోటనే పొరగా నిలుస్తుంది.

వాన వెలిసిన పిమ్మట రైతు గుంటక తోలి నేలలోని పదును ఆరకుండా కాపాడుకొంటాడు గదా! పదునే లేని నేలలో గుంటక తోలి ప్రయోజనమేమి? అట్లే పొడిచర్మంపై ఆముదం రుద్దితే ఫలము స్వల్పము. సాయంకాలం కాళ్లు కడుగుకొని, నీరు ఒత్తుకొని, చెమ్మ ఉండగానే నాలుగు చుక్కలు పూయవలెను. నీటి ఎద్దడి గల ఇండ్లలో కూడ దీనికై వేరే నీరు అక్కరలేదు.

మొటిమలు గల ముఖానికి ఇది తగదు. కొందరికి సరిపడక దద్దుర్లు లేస్తాయి గనుక, ముందుగా ముంజేతిపై కొంచెం రాసి రెండు దినాలు చూడటం మేలు. జుట్టు ఒత్తుగా పెరుగుతుందనడానికి తగిన రుజువు లేదు. పసిబిడ్డల ముక్కులో మాత్రం ఎన్నడూ వేయరాదు. ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణాపాయం కలుగవచ్చును. పగుళ్లలో చీము పట్టినవారు, మధుమేహం ఉన్నవారు వైద్యుని చూడవలసినదే.

తుదకు శ్రోతలకు మేము ప్రత్యేకంగా మనవి చేసేది గింజలను గురించి. వాటిలో రిసిన్ అనే తీవ్రమైన విషం ఉన్నది. అది నూనెలో కరగదు, పిండిలోనే ఉండిపోతుంది. గింజలు వేయించి, దంచి, నీటితో కాచి వంటాముదం తీసే పాత పద్ధతిలో ఆ వేడికి విషం అణగిపోతుంది. పచ్చి గింజలకు ఆ రక్షణ లేదు. చారల పొడలతో చూడముచ్చటగా ఉండే ఆ గింజలను పిల్లలకు అందనీయకండి.