ఉప్పుటేరుకు అడ్డం పడ్డ ఊదాపూలు

ఆకివీడు దగ్గర ఉప్పుటేరు వంతెన మీద నిలబడి కొల్లేటి వైపు చూస్తే, ఒక్కోసారి నీళ్లే కనపడవు. అంతా పచ్చిక బయలేమో అనిపిస్తుంది. పైన ఊదారంగు పూలు. కొత్తగా వచ్చినవాళ్లు ఫోను తీసి ఫొటోలు దిగుతారు. ఊరివాళ్లకు మాత్రం అది చూస్తే గుండెల్లో గుబులే.

అదే గుర్రపుడెక్క. పుట్టిల్లు దక్షిణ అమెరికా. పూలు బావున్నాయని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చి పెంచారట. అందానికి తెచ్చుకున్న మొక్క దేశమంతా పాకింది.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా బోలెడు డ్రెయిన్లు కొల్లేట్లో పడతాయి. ఆ నీళ్లన్నీ సముద్రానికి పోవడానికి ఉన్న దారి మాత్రం ఒక్కటే, 60 కిలోమీటర్లకు పైగా సాగే ఉప్పుటేరు. దాని గొంతుకు గుర్రపుడెక్క అడ్డం పడితే వరద వెనక్కి తంతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు కూడా ఆ నీళ్లు చివరికి చేరాల్సింది ఇక్కడికే కదా!

ఇంత ఏపుగా ఎందుకు పెరుగుతోందంటే, మనమే మేపుతున్నాం కాబట్టి. చేపల చెరువుల్లో మిగిలిన మేత, వరిచేలల్లోంచి కారిన ఎరువు, ఊళ్ల మురుగు అన్నీ ఈ నీళ్లలోకే వస్తాయి. నత్రజని, భాస్వరం పుష్కలంగా దొరికితే ఈ మొక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఇవాళ సెంటు జాగాలో ఉన్నది అదే లెక్కన పెరిగితే పద్నాలుగు వారాలకు ఎకరం దాటిపోతుంది.

మందు కొడితే చస్తుంది, నిజమే. కానీ చచ్చిందంతా అడుక్కి దిగి కుళ్లుతుంది, నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది, చేపలు తేలిపోతాయి. 1980లలో బెంగళూరు శాస్త్రవేత్తలు దీన్ని తినే ముక్కుపురుగుల్ని విదేశాల నుంచి తెప్పించి వదిలారు. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు మీద 1990ల చివర్లో ఈ మొక్క తగ్గడానికి అలాంటి పురుగులూ తోడ్పడ్డాయి. అయితే ఎరువు దండిగా ఉన్న నీళ్లలో పురుగు తిన్నదానికంటే మొక్క వేసే చిగురే ఎక్కువ.

ఇక మిగిలింది పొక్లెయిన్లు, కూలీలు. మొక్కలో నూటికి తొంభై పాళ్లు నీళ్లే. అంటే మోసేది నీటి బరువే! అందుకే దూరం తీసుకెళ్లలేక గట్టు మీదే పోసేస్తారు. పెద్ద వాన పడిందా, సగం మళ్లీ ఏట్లోకే. పీకినా బురదలో విత్తనాలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. ఎండాకాలంలో, పూత రాకముందే తీసి, గట్టు దాటించి ఎండబెట్టి పేడతో కలిపి ఎరువు చేస్తే కొంత నయం. ఆ ఎరువుతో పోషకాలు నీళ్లలోంచి చేలోకి తిరిగి చేరతాయి.

దీనికి బద్ధశత్రువు ఒకటుంది, ఉప్పు. సముద్రపు పోటు తగిలే చోట గుర్రపుడెక్క బతకదు. కానీ ఆ ఉప్పునీరు కొల్లేట్లోకి ఎగదన్నితే మంచినీటి చేపకూ, వరికీ ముప్పు. అందుకే ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలని ఎప్పటినుంచో అడుగుతున్నారు. కడితే ఉప్పు ఆగుతుంది. అప్పుడు డెక్క కింది దాకా పాకుతుంది. దాన్ని ఏటా తీసే ఖర్చు కూడా ఆ అంచనాల్లోనే కలిపి రాసుకోవాలి.