ఎంత తొక్కినా గరిక ఎందుకు చావదు?

భైంసా వైపు పిల్లలు క్రికెట్ ఆడే ఖాళీ జాగా చూడండి. ఎవరూ నాటరు, నీళ్లు పట్టరు. అయినా గరిక పచ్చగానే ఉంటుంది. వికెట్ల దగ్గర మాత్రం బోడినేల! ఎందుకు?

ఒక గరిక తీగను మెల్లగా పీకండి. నేలమీద పాకే ఆ తీగకు కణుపు కణుపునా కింద వేర్లు, పైన ఆకులు. మట్టిలోపలా ఇలాంటి కాడలే ఉంటాయి. ఆకు పెరిగేది కొసన కాదు, మొదట్లో. అందుకే చెప్పుల కింద కొసలు నలిగినా, మేక కొరికినా మళ్లీ సాగుతుంది. తీగ తెగితే మరీ మంచిది, కణుపున్న ప్రతి ముక్కా కొత్త మొక్కే. పత్తి చేలో రైతు దీన్ని తిట్టుకునేదీ ఇందుకే.

నర్సరీల్లో అమ్మే కొరియన్ గడ్డి కూడా గట్టిదే. కానీ మెల్లగా పెరుగుతుంది కాబట్టి, ఒకసారి అరిగితే కోలుకోవడానికి చాలాకాలం పడుతుంది.

మరి వికెట్ల దగ్గర గరిక ఎందుకు ఓడింది? రోజూ అక్కడే తొక్కితే కొత్త చిగురుకు వ్యవధి దొరకదు. పైగా ఇక్కడిది నల్లరేగడి. తడిగా ఉన్నప్పుడు తొక్కితే మట్టిరేణువుల మధ్య గాలి ఖాళీలు మూసుకుపోతాయి, వేర్లకు ఊపిరాడదు. చలికాలంలో గరిక ఎదుగుదలా మందగిస్తుంది. వానాకాలంలో పిచ్‌ను నాలుగడుగులు పక్కకు జరిపితే, చుట్టూ ఉన్న తీగలే పాకొచ్చి ఆ బోడిని కప్పేస్తాయి. వేపచెట్టు నీడలోనైతే ఆశ పెట్టుకోకండి. గరికకు ఎండ కావాల్సిందే.