ఆరోగ్య శాస్త్రాల పీహెచ్‌డీ: అంతా గైడ్ చేతిలోనే ఉంటుందా?

నర్సింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు, ఫిజియోథెరపిస్టులు, మెడికల్ మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసినవాళ్లు పీహెచ్‌డీ ఆలోచన రాగానే ముందుగా మంచి గైడ్ కోసం ఆరా తీస్తారు. నిబంధనలు చదివేవాళ్లు మాత్రం తక్కువ. ఇప్పుడు అమల్లో ఉన్నవి యూజీసీ 2022 నవంబరులో నోటిఫై చేసిన నిబంధనలు. అవి తెలియనందువల్ల పరిశోధకులు పడే ఇబ్బందులు అన్నీఇన్నీ కావు.

అపోహ: డీఎం చేసిన డాక్టరుకు పీహెచ్‌డీ ఉన్నట్టే.

వాస్తవం: ఎండీ తర్వాత మూడేళ్లు చదివే డీఎం సూపర్ స్పెషాలిటీ వైద్యంలో శిక్షణ. పీహెచ్‌డీ పరిశోధనలో శిక్షణ. రెండూ వేర్వేరు.

అపోహ: గైడ్‌కు కోపం వస్తే పీహెచ్‌డీ అటకెక్కినట్టే.

వాస్తవం: ప్రతి పరిశోధకుడికీ ఒక సలహా కమిటీ ఉండాలి. సెమిస్టరుకోసారి దాని ముందు పని వివరించాలి. పురోగతి బాగాలేదని కమిటీ భావిస్తే కారణాలు నమోదు చేసి, ఏం సరిదిద్దుకోవాలో చెప్పాలి. గైడ్‌కూ పరిమితులున్నాయి. ఒకేసారి ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్లలోపే గడువున్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. పెళ్లయ్యో మరో కారణంతోనో ఊరు మారే మహిళ తన పరిశోధన డేటాను కొత్త సంస్థకు తీసుకెళ్లవచ్చు. అయితే ఆ పని పాత సంస్థకో గైడ్‌కో నిధుల సంస్థ మంజూరు చేసిన ప్రాజెక్టులోది కాకూడదు, వారికి చెందాల్సిన గుర్తింపు ఇవ్వాలి. సగంలో చదువు ఆపేసిన ఎందరో ఆడపిల్లలకు ఇలాంటి వెసులుబాటు ముందే తెలిసి ఉండాల్సింది.

అపోహ: ఎథిక్స్ కమిటీ సంతకం లాంఛనమే. డేటా సేకరించాక తెచ్చుకోవచ్చు.

వాస్తవం: ఆరోగ్య శాస్త్రాల్లో దీనికి మించిన ప్రమాదకరమైన నమ్మకం లేదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం మనుషులపై పరిశోధన మొదలుకాకముందే అనుమతి ఉండాలి. వార్డులో రోగి దగ్గర కూర్చుని ప్రశ్నావళి నింపించుకున్నా అది మనుషులపై పరిశోధనే. కమిటీ అధ్యక్షులు ఆ సంస్థకు బయటివారై ఉండాలి. సభ్యుల్లో న్యాయం తెలిసినవారు, వైద్యంతో సంబంధం లేని సామాన్యులు కూడా ఉంటారు. సమ్మతి పత్రంలోని తెలుగు ఒక కూలీకి అర్థమవుతుందా అని అడగాల్సింది ఆ సామాన్య సభ్యులే. మందు ఇవ్వకపోయినా, మోకాలి నొప్పికి కొత్త వ్యాయామం పరీక్షించినా దాన్ని క్లినికల్ ట్రయల్‌గా సీటీఆర్ఐలో (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) నమోదు చేయాలి. అదీ మొదటి రోగిని చేర్చుకోకముందే. 2018 ఏప్రిల్ నుంచి ఆలస్యపు నమోదులను అక్కడ తీసుకోవడం లేదు. అందుకే సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) ఆమోదం పొందాక కొన్ని నెలల సమయాన్ని ఈ అనుమతులకే కేటాయించుకోవాలి.

అపోహ: డబ్బు కట్టయినా పేపర్లు వేయించుకోకపోతే డిగ్రీ రాదు.

వాస్తవం: థీసిస్‌కు ముందు పేపరు ప్రచురించాలన్న షరతును యూజీసీ 2022లో తొలగించింది. కొన్ని విశ్వవిద్యాలయాలు సొంతంగా పెట్టుకోవచ్చు కాబట్టి ప్రవేశానికి ముందే కనుక్కోండి. డబ్బిస్తే వారంలో అచ్చువేసే పత్రికల జోలికి మాత్రం వెళ్లొద్దు. రోగులు నమ్మి ఇచ్చిన సమాచారానికి అది న్యాయం కాదు.

అపోహ: ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో రెండేళ్లలో పూర్తి చేయవచ్చు.

వాస్తవం: దూరవిద్య, ఆన్‌లైన్ పీహెచ్‌డీలు చెల్లవు. పనిచేసే సంస్థ ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) ఇస్తే పార్ట్ టైమ్‌గా చేయవచ్చు. కోర్స్ వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. పొడిగింపుతో ఎనిమిదేళ్లు, మహిళలకూ 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికీ పదేళ్ల దాకా. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల వరకు సెలవు ఉంది.

అపోహ: థీసిస్ ఇచ్చాక ఎన్నేళ్లైనా ఎదురుచూడాల్సిందే.

వాస్తవం: కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు దాన్ని చదవాలి, తర్వాత వైవా జరగాలి. వైవా ఫలితం ప్రకటించడంతో సహా ఇదంతా థీసిస్ సమర్పించిన ఆరు నెలల్లో పూర్తి కావాలి. ఆ గడువు దాటితే నిబంధన ఉటంకిస్తూ విశ్వవిద్యాలయానికి రాతపూర్వకంగా విన్నవించండి.