రాయ్‌పూర్ మండీ ధరలు: మొదటి పేజీయే మొత్తం కాదు

రాయ్‌పూర్ మండీలో ఈరోజు టమాటా క్వింటాల్ ఎంత పలికింది? ఛత్తీస్‌గఢ్‌లోని మిగతా మార్కెట్లకంటే ఎక్కువా, తక్కువా? సరుకు ఎక్కడికి తోలాలో తేల్చుకునే రైతుకు ఈ తేడాయే లాభనష్టాలు. ఆ సమాచారం ఉచితంగానే దొరుకుతుంది. మండీల నుంచి అగ్‌మార్క్‌నెట్‌కు చేరే రోజువారీ ధరలను 2012లో మొదలైన ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్ ఏపీఐ ద్వారా అందిస్తోంది.

ఏపీఐ అంటే ఒక ప్రోగ్రామ్ మరో కంప్యూటర్‌ని అడిగి జవాబు తెచ్చుకునే దారి. రాష్ట్రం, పంట పేరు చెప్పి అడిగితే మార్కెట్లవారీగా కనిష్ఠ, గరిష్ఠ ధరలు, వాటితోపాటు ఎక్కువ సరుకు అమ్ముడైన 'మోడల్' ధర వస్తాయి.

అయితే అన్ని వరుసలూ ఒకేసారి రావు. సర్వర్ మీద భారం పడకుండా విడతలుగా వస్తాయి. పోర్టల్ ఇచ్చే నమూనా కీతో విడతకు 10 వరుసలే. ఎన్ని కావాలో చెప్పేది 'లిమిట్', ఎన్ని దాటేసి మొదలుపెట్టాలో చెప్పేది 'ఆఫ్‌సెట్'. మొత్తం 37 వరుసలు ఉన్నాయనుకుందాం. ఆఫ్‌సెట్‌ను 0, 10, 20, 30గా మారుస్తూ నాలుగుసార్లు అడగాలి. చివరిసారి ఏడే వస్తాయి.

మొదటి విడతతో ఆగిపోతే ఏ హెచ్చరికా రాదు. పది వరుసలతోనే సగటు వస్తుంది, చూడ్డానికి నిజంలాగే ఉంటుంది. అందులో రాయ్‌పూర్ లేకపోవచ్చు కూడా. అందుకే జవాబులో 'టోటల్' అనే అంకెను ముందు చూడాలి. తెచ్చుకున్న వరుసల లెక్క దానితో సరిపోవాలి.

ఇంకో రెండు చిక్కులున్నాయి. అగ్‌మార్క్‌నెట్ ఛత్తీస్‌గఢ్ ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మొదటి రెండు 'హెచ్'లలో ఒకటి రాయదు. మనం మామూలుగా రాసే స్పెల్లింగ్‌తో వెతికితే ఖాళీ జవాబు రావచ్చు. దాన్ని 'ఈరోజు వ్యాపారం లేదు' అని చదవకూడదు. రెండోది, మనం పేజీలు తిప్పుతుండగానే కొత్త ధరలు చేరొచ్చు. అప్పుడు వరుసలు జరిగి, ఒకటి రెండుసార్లు రావచ్చు, ఇంకొకటి తప్పిపోవచ్చు. మార్కెట్, పంట, రకం, గ్రేడ్, తేదీ అన్నీ కలిపి చూస్తే ఏది రెండుసార్లు వచ్చిందో తెలుస్తుంది. మధ్యలో టోటల్ మారితే మళ్లీ మొదటినుంచి తెచ్చుకోవడమే మేలు.

ధరల యాప్‌ని నమ్మి రైతు బండి కడతాడు. ఆ యాప్ ఎన్ని పేజీలు చదివిందో అతనికి కనిపించదు. అది చూసుకోవాల్సింది తయారుచేసినవాళ్లే.